కారుకి కొసరేమిచ్చాడు?

మా అమ్మకి బజారంటే ఒకటే కొలత. ఏ వస్తువు ఇంటికొచ్చినా ధర తర్వాత అడుగుతుంది. ముందు "కొసరేమిచ్చాడు?" అంటుంది. వంకాయలు కొంటే ఇంకో వంకాయ పడాలి. మల్లెపూలు మూర కొంటే చివర్న మరో నాలుగు పూలు జారిరావాలి. పాలు పోసే మనిషి లీటరు కొలిచాక పైన మరో ధార వంచకపోతే అమ్మ గిన్నె గుమ్మం మీదనుంచి తీసేది కాదు. ఆ ధార విలువెంతుంటుంది చెప్పండి! కానీ ఆ చప్పుడు వింటేగానీ ఆవిడకి బేరం పూర్తయినట్టుండదు.

అలాంటి అమ్మ, 1999లో నాన్నగారు మొట్టమొదటిసారి కారు కొన్న రోజున, షోరూములో గంటన్నరసేపు కూర్చుని పల్లెత్తు మాట మాట్లాడలేదు. కూల్‌డ్రింకు తాగి, ఖాళీ సీసా ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకునే కూర్చుంది. సేల్స్‌మన్ ప్రతిమాటా "సార్"తో మొదలుపెట్టి "సార్"తోనే ముగించాడు. అమ్మవైపు తిరిగింది ఒకే ఒక్కసారి, "రంగు నచ్చిందా మేడమ్?" అని అడగడానికి.

తిరిగొస్తుంటే, కొత్త సీట్లమీద పాలిథిన్ కవర్లు గరగరలాడుతుంటే, అమ్మ మెల్లిగా అడిగింది.

"కొసరేమిచ్చాడండీ?"

నాన్నగారు పగలబడి నవ్వారు. "కారుకి కొసరేమిటే పిచ్చిదానా! అదేమన్నా వంకాయా?"

వెనక సీట్లో కూర్చున్న నేనూ నవ్వాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. బి.ఏ. చదువుతున్నాను, అందులోనూ చరిత్ర. మొగలాయీల పన్నుల విధానం గురించి ఇరవై మార్కులకి రాయగలను గానీ, అమ్మ అడిగిన ప్రశ్నలో ఎంత చరిత్ర ఉందో తెలుసుకోవడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

కొసరు మన ఒక్కళ్ళ సొత్తేమీ కాదు లెండి. 1266 నాటి చట్టం ఇంగ్లండులో రొట్టె తూకానికి కొలత పెట్టింది. తక్కువ తూచితే శిక్ష. ఎందుకొచ్చిన గొడవని డజనుకి పదమూడు ఇవ్వడం అలవాటు చేసుకున్నారని చెబుతారు. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు ఊళ్ళో కొసరుని "లానియాప్" అంటారు. ఆ మాట దక్షిణ అమెరికా కొండజాతుల భాషలో పుట్టి, స్పానిష్ వాళ్ళ నోట పడి, ఫ్రెంచివాళ్ళ యాస అంటించుకుని అక్కడికి చేరిందట. అంటే అక్కడి అమ్మలూ గిన్నె ఎత్తకుండా నిలబడినవాళ్ళే.

కారు సంగతికొస్తే మాత్రం, పుట్టినప్పటినుంచీ దాని కథ అడ్డం తిరిగింది. 1908లో హెన్రీ ఫోర్డు మోడల్ టి కారు తెచ్చినప్పుడు ధర 850 డాలర్లు. మొదట్లో ఆ డబ్బుకి పైకప్పూ, ముందు అద్దమూ, హెడ్‌లైట్లూ రావు! అవన్నీ కావాలంటే వేరే డబ్బు. మనం పెళ్ళిచూపుల్లో పిల్లని చూసి, తీరా పెళ్ళయ్యాక జడ వేరేగా కొనుక్కోమన్నట్టు. తరవాత్తరవాత అవి కారుతోనే రావడం మొదలైంది. అయితే రెండో ప్రపంచయుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా అక్కడ మామూలు జనానికి కార్ల తయారీ ఆగిపోయింది. యుద్ధం అయ్యేసరికి జనం ఎగబడ్డారు. కార్లు కొద్ది, కొనేవాళ్ళు కోకొల్లలు. అప్పుడు డీలర్లేం చేశారంటే, రేడియో కొంటేనే కారు, ఫలానా కవర్లు కొంటేనే కారు అని మెలిక పెట్టారు. కొసరు ఇవ్వవలసినవాడే కొసరు వసూలు చేశాడన్నమాట. ఆ గోల ఎంత ముదిరిందంటే, చివరికి మన్రోనీ అనే సెనేటరు పూనుకుని 1958లో చట్టం చేయించాడు. ప్రతి కొత్త కారు అద్దానికీ ఒక చీటీ అంటించాలి. కారు ధరెంత, అదనంగా బిగించిన ఒక్కొక్క వస్తువు ధరెంత, అన్నీ అందులో విడివిడిగా రాయాలి. ఇప్పటికీ అక్కడ ఆ చీటీని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆ యుద్ధానంతరపు అమెరికాని మనం నలభై ఏళ్ళపాటు అనుభవించాం.

మా తాతయ్య, అంటే అమ్మ నాన్నగారు, తెనాలిలో ప్లీడరు. 1965లో ఫియట్ కారుకి డబ్బు కట్టారు. అది బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసేది. కావాలంటే ఇంకోపక్క కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడరు, మద్రాసు నుంచి వచ్చే స్టాండర్డు హెరాల్డు. అంతే, దేశం మొత్తానికి మూడు ముక్కలాట. ఏడాదికి ఎన్ని కార్లు తయారుచెయ్యాలో లైసెన్సు చెబుతుంది. ధర మీద సర్కారు అదుపు. కారు ఖరీదు ఎంతుండాలన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రోజులవి. తాతయ్య వంతు 1973లో వచ్చింది. ఎనిమిదేళ్ళు! ఈలోగా మా పెద్దమామయ్య చదువై, ఉద్యోగమై, పెళ్ళి కూడా అయిపోయింది.

కారు తెచ్చుకోవడానికి విజయవాడ వెళ్ళారు. కోర్టులో ఎంతటి జడ్జినైనా నిలేసి వాదించే మనిషి. అక్కడి గుమస్తా తలెత్తకుండానే, "సీటు కవర్లు, హారను, ఎదర పెట్టే దీపాలు, ఇవీ తీసుకుంటే ఈ వారంలో బండి. లేకపోతే వచ్చే లాటులో చూద్దాం" అన్నాడట. వచ్చే లాటు అంటే ఏ నెలో, ఏ సంవత్సరమో! తాతయ్య నోరు మెదపకుండా కట్టేసి వచ్చారు. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఎర్రనీళ్ళు దిష్టితీసి, సీటుకవరు గుడ్డ వేళ్ళతో నలిపి చూసి, "దీనికి డబ్బులిచ్చారా? మన పరుపుల గలీబులే నయం" అందట. ఆ కవర్లు వేసవిలో వీపుకి అంటుకునేవని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ రోజుల్లో కారు కొన్నవాడే అదృష్టవంతుడు. కొన్న మర్నాడు అమ్మితే లాభం వస్తుంది. ప్రపంచంలో ఇంకెక్కడా పాత వస్తువు కొత్తదానికంటే ఎక్కువ పలకదు కాబోలు. స్కూటరు సంగతీ అంతే. వరస దాటి ముందుగా కావాలంటే డాలర్లు కట్టాలి. అందుకని అమెరికాలో డాక్టరుగా ఉన్న బంధువుకి ఎక్కడలేని మర్యాదా జరిగేది. ఆడపిల్ల పుట్టగానే అల్లుడికోసం స్కూటరు బుక్ చేసేస్తే సరి అని మావాళ్ళ ఇళ్ళల్లో హాస్యమాడేవారు. హాస్యమేనా? 1961లోనే వరకట్నం నిషేధిస్తూ చట్టం వచ్చింది. కట్నం పేరు మారింది గానీ దాని కొసరు ఎక్కడికీ పోలేదు. లాంఛనాలు, ఆడబిడ్డ కట్నం, ఆ పైన స్కూటరు. ఎవరి చెయ్యి పైన ఉందో తెలియాలంటే కొసరు ఎటు నడుస్తోందో చూస్తే చాలునని నాకు మొదట తట్టింది అక్కడే. పెళ్ళిపందిట్లో అది ఎప్పుడూ ఆడపిల్లవాళ్ళ వాకిట్లోనుంచే బయల్దేరేది.

తర్వాత మారుతి వచ్చింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతులమీదుగా మొదటి కారు తాళాలందుకున్నది హర్‌పాల్ సింగ్. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి, లాటరీలో పేరొచ్చింది. ధర 47,500 రూపాయలు. 2010లో కన్నుమూసేదాకా ఆయన ఆ బండిని వదల్లేదు. కొత్తబండి ముచ్చటగానే ఉంది గానీ, వరస మాత్రం పాతదే. లాటరీలో పేరొచ్చినవాడు కారు ఎక్కనైనా ఎక్కకుండా కాగితాన్నే లాభానికి అమ్ముకున్న కథలు మీరూ వినే ఉంటారు. వస్తువు కరువైనచోట బేరం అనే మాటే ఉండదు. కొసరు అడిగితే నవ్వుతారు, లేదా కోప్పడతారు.

1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1998లో ఒకే ఏడాది శాంట్రో, మాటిజ్, ఇండికా మూడూ బజార్లోకి దిగాయి. కార్లు ఎక్కువయ్యాయి. షోరూములవాళ్ళే ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. మ్యాట్లు ఉచితం, కవర్లు ఉచితం, పాటలపెట్టె ఉచితం, మొదటి ఏడాది ఇన్సూరెన్సు ఉచితం.

మళ్ళీ మా 1999 దగ్గరికి రండి. కారు కొన్న మూడోవారం అమ్మ పక్కవీధిలో పేరంటానికి వెళ్ళింది. పసుపు రాయించుకుంటూ, శనగలు కొంగులో పోయించుకుంటూ తెలుసుకున్నదేమిటయ్యా అంటే, ఆ ఇంటివాళ్ళూ అదే కారు, అదే షోరూములో, అదే నెలలో కొన్నారు. వాళ్ళకి సీటుకవర్లు, పాటలపెట్టె, కారుమీద కప్పే గుడ్డ ఊరికే ఇచ్చారు. మేము కవర్లకి విడిగా డబ్బు కట్టాం! అమ్మ ఇంటికొచ్చి ఈ సంగతి నాన్నగారితో అనలేదు. నాతో అంది. "మీ నాన్నగారికి అడగడం నామోషీ అమ్మా" అంది, అంతే.

నామోషీ కాదని ఇప్పుడనిపిస్తుంది. నాన్నగారి నవ్వు 1999 నాటిది కాదు, తాతయ్య కాలం నాటిది. కారు దొరకడమే భాగ్యమనుకునే రోజుల్లో పెరిగిన మగవాళ్ళు, బజారు మారిపోయినా ఆ గుమస్తా ముందు చేతులు కట్టుకునే నిలబడ్డారు. కరువు ఎన్నడూ లేని కూరలబజారులో ఆరితేరిన అమ్మకి మాత్రమే సరైన ప్రశ్న తోచింది. ఆ ప్రశ్న ఎక్కడ అడగాలో అక్కడ ఆవిడచేత కూల్‌డ్రింకు సీసా పట్టించి కూర్చోబెట్టారు.

సీసా పట్టుకు కూర్చున్నందుకు ఎంత ఖరీదు పడుతుందో లెక్క కట్టినవాళ్ళు కూడా ఉన్నారు. 1991లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఇయన్ ఏర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు చికాగో చుట్టుపక్కల షోరూములకి మనుషుల్ని పంపాడు. అందరికీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే చదువు, ఒకేలాంటి బట్టలు. బేరంలో మాట్లాడే మాటలు కూడా ఒకటే, ముందే వల్లెవేయించాడు. తెల్లవాడి దగ్గర ఆశించిన లాభంకంటే తెల్లజాతి స్త్రీ దగ్గర 40 శాతం ఎక్కువ లాభం అడిగారు. నల్లజాతి పురుషుడి దగ్గర రెట్టింపు పైన. నల్లజాతి స్త్రీ దగ్గర మూడు రెట్లకి పైన! మాట ఒకటే, మనిషి వేరు. ఆవిడకి తెలియదులే అన్న ధీమాకి కట్టిన ధర అది.

మరి అడిగితే ఇచ్చే కాలం వచ్చేసింది కదా, ఇంకేం, అనుకుంటున్నారా? అసలు తమాషా ఇక్కడుంది. 2017లో పడమటి రాష్ట్రాల డీలరొకరు పేరు చెప్పకుండా కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకి ఈమెయిలు పంపారు. కమిషన్ తవ్వి తీసి 2021 ఆగస్టులో మారుతి సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కమిషన్ తేల్చిన నేరమేమిటో తెలుసా? డీలర్లని కొసరు ఇవ్వనివ్వకపోవడం! కంపెనీ ఒప్పుకున్న రాయితీకి మించి డీలరు నయాపైసా తగ్గించకూడదు, ఉచితంగా ఏమీ చేతిలో పెట్టకూడదు. పెడుతున్నారేమో కనిపెట్టడానికి దొంగ కొనుగోలుదార్లని పంపేవారట. వాళ్ళు అచ్చం మనలాగే వచ్చి, కారు చూసి, "ఇంకేమన్నా ఇవ్వకూడదూ?" అని బతిమాలతారు. జేబులో రికార్డరు. పాపం ఏ కుర్రాడో కరిగి మ్యాట్లో, కవరో ఒప్పుకున్నాడా, దొరికిపోయాడే! డీలరుకే కాదు, అమ్మిన కుర్రాడికీ, వాడి పైవాడికీ, షోరూము మేనేజరుకీ కూడా జరిమానాలుండేవని ఆ తీర్పులో ఉంది. కంపెనీ అప్పీలుకి వెళ్ళింది, ట్రిబ్యునల్ ఆ ఏడాది నవంబరులో స్టే ఇచ్చింది. అంతకుముందు 2017లో హ్యుందాయ్ మీద ఇలాంటి అభియోగానికే 87 కోట్లు వేస్తే, 2018లో ట్రిబ్యునల్ అది కొట్టేసింది. న్యాయం సంగతి న్యాయస్థానాలు చూసుకుంటాయి. నాకు మాత్రం ఆ కుర్రాడే కళ్ళముందు మెదిలాడు. పాలధార ఎక్కువ వంచినందుకు మా పాలమనిషికి జీతంలో కోసినట్టు!

నాన్నగారు పోయాక, రెండేళ్ళక్రితం నేనొక చిన్న కారు కొనుక్కున్నాను. మా వారికి ఆఫీసు పని. "మీ అమ్మగారిని తీసుకెళ్ళు" అన్నారు నవ్వుతూ. ఆయన వేళాకోళానికన్నా, నేను నిజంగానే తీసుకెళ్ళాను. నెలాఖరు వారంలో వెళదామని పంచాంగం చూసినంత గట్టిగా చెప్పింది అమ్మే. కూరలమ్మి పొద్దుగూకేవేళ గంప దించుకోవాలనుకుంటుంది చూడండి, అదన్నమాట ఆవిడ లెక్క. షోరూముల్లోనూ నెలకింతని అమ్మకాల లెక్క ఉంటుందని నేను చెప్పలేదు, ఆవిడకి తెలియదు కూడా.

కూల్‌డ్రింకు వచ్చింది. అమ్మ వద్దంది. కుర్రాడు ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళవాడు. కాగితం తీసి చదివాడు. షోరూము ధర, లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, హాండ్లింగ్ చార్జీలు. ఆ కింద పెద్ద అక్షరాలతో, మా ఇంట్లో మనిషిలా సంబరంగా, "ఇవన్నీ ఫ్రీ మేడమ్" అన్నాడు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, కారు కవరు, సెంటు సీసా, వినాయకుడి బొమ్మ, నంబరు ప్లేటు.

"హాండ్లింగ్ అంటే ఏమిటి నాయనా?" అంది అమ్మ.

"బండిని గోడౌను నుంచి ఇక్కడికి తేవడానికండీ."

"ఇక్కడికి తేకుండా అమ్ముతారా ఎవరన్నా?"

కుర్రాడు నవ్వేసి ఆ పద్దు కొట్టేశాడు. అంత సులువుగా పోయే పద్దు అసలెందుకు రాశారో! నంబరు ప్లేటు సంగతి నేనందుకున్నాను. 2019 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ళకి ఆ ప్లేటు కంపెనీయే ఇవ్వాలి, దాని ఖరీదు బండి ధరలోనే కలిసి ఉంటుంది. అది ఫ్రీ ఎలా అవుతుంది? ఇన్సూరెన్సూ అంతే. థర్డ్ పార్టీది మూడేళ్ళకి కట్టాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, అది తప్పదు. కానీ ఎవరి దగ్గర కట్టాలో మన ఇష్టం. ముందురోజే రెండుచోట్ల కనుక్కున్నాను. కుర్రాడి కాగితంలో ఉన్నదానికీ బయటదానికీ పదకొండు వేల తేడా ఉంది. ఆ మాట చెబితే లోపలికి వెళ్ళి వచ్చి, బయటి ధరకే ఇస్తానన్నాడు.

ఇక ఉచితాల వంతు. అమ్మ అడిగింది.

"ఇవన్నీ విలువ ఎంత చేస్తాయి బాబూ?"

"పద్దెనిమిది వేల అయిదువందలమ్మా!"

"అయితే ఇవేమీ మాకొద్దు. ఆ పద్దెనిమిదిన్నర ధరలో తగ్గించు."

కుర్రాడి మొహం చూడాలి! మళ్ళీ లోపలికి వెళ్ళాడు. వచ్చి, "ఆరువేలు తగ్గించగలమండీ" అన్నాడు. అంటే పద్దెనిమిదిన్నర వేల కొసరు అసలు విలువ ఎంతో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. నేను ఎం.ఏ. దాకా చదివాను గానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు సుమండీ. ఇంటికొచ్చాక అడిగితే, "వంకాయలు కొంటే వంకాయే కొసరు అడగాలి. ఎండిపోయిన కరివేపాకు పడేసి రూపాయి విలువంటే ఒప్పుకుంటామా?" అంది.

చివరికి మ్యాట్లూ కవరూ ఉంచుకుని, తక్కినవి వదిలేసి, నాలుగున్నర వేలు తగ్గించుకున్నాం. అన్నీ బుకింగు ఫారం మీదే రాయించి, మేనేజరు సంతకం పెట్టించాను. నోటిమాటకి షోరూములో ఆయుష్షు తక్కువ. ఆ మాటకొస్తే మా అదృష్టం కూడా కొంత ఉంది. అంతకు రెండు మూడేళ్ళ ముందు, కరోనా తర్వాత చిప్పుల కరువొచ్చినప్పుడు, మా ఆడపడుచు నెలల తరబడి ఎదురుచూసి, పెట్టిన రేటుకి నోరెత్తకుండా కొనుక్కుంది. మళ్ళీ తాతయ్య రోజులే అనుకున్నాం అందరం.

సంతకాలవుతుంటే అమ్మ కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "ఈ నాలుగున్నర వేలూ నీ జీతంలో కోస్తారా ఏమిటి?"

"లేదమ్మా, ఇది ఆఫీసుదే" అన్నాడు వాడు. నిజమో కాదో నాకు తెలియదు. అమ్మ మాత్రం వాడి మొహంలోకి కాసేపు చూసింది. మా పాలమనిషికి ఏటా కొత్తావకాయ జాడీ ముందు వెళ్ళేదని మీకు చెప్పలేదు కదూ? పండక్కి చీర కూడా. పాలధార ఒకవైపు నుంచే పడేది కాదు మరి.

డెలివరీ రోజు అమ్మ చిన్న స్టీలు డబ్బాలో అరిసెలు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు కంగారుపడిపోయి, అటూ ఇటూ చూసి పుచ్చుకున్నాడు. నిమ్మకాయలు తొక్కించి, కారు గేటు దాకా వచ్చామో లేదో, వెనకనుంచి పరుగెత్తుకొచ్చి అద్దం మీద తట్టాడు. చేతిలో కంపెనీ పేరున్న నల్ల గొడుగు.

"కొసరమ్మగారూ!" అన్నాడు రొప్పుతూ.

అమ్మ అద్దం దింపమంది. గొడుగు పుచ్చుకుని, అక్కడికక్కడే కారులోనే సగం విప్పి, ఊచలు ఎనిమిదీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంది.